బరిలో పదిహేడు మంది ఉంటే పార్టీకి నష్టమా? అమెరికా ప్రైమరీల్లో ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది

2016 ఫిబ్రవరి 20న సౌత్ కరొలైనాలో రిపబ్లికన్ ప్రైమరీ, అంటే పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకునే ఓటింగ్, జరిగింది. పదిహేడు మందితో మొదలైన బరిలో అప్పటికి ఆరుగురు మిగిలారు. డొనాల్డ్ ట్రంప్‌కు 32.5 శాతం, మార్కో రూబియోకు 22.5, టెడ్ క్రూజ్‌కు 22.3, మిగతా ముగ్గురికి తలా ఏడెనిమిది శాతం ఓట్లు పడ్డాయి. ముగ్గురు ఓటర్లలో ఇద్దరు ట్రంప్ వద్దనుకున్నారు. అయినా ఆ రాష్ట్రానికి ఉన్న 50 మంది డెలిగేట్లూ (పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులు) ట్రంప్ ఖాతాలోకే వెళ్లారు.

అంతకు పదకొండు రోజుల ముందు న్యూహాంప్‌షైర్‌లో ఆయనకు 35 శాతం వచ్చాయి. అక్కడ 23 మంది డెలిగేట్లలో దక్కింది 11 మంది. ఎక్కువ ఓట్లు వచ్చిన చోట సగం కూడా రాలేదు, తక్కువ ఓట్లు వచ్చిన చోట మొత్తం వచ్చింది. గుంపు రెండు చోట్లా ఉంది. తేడా తెచ్చింది ఆయా రాష్ట్రాల నిబంధన.

అందుకే "ఎంతమంది పోటీ చేస్తే ఎక్కువైనట్టు?" అనే ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పలేం. మూడు విషయాలు చూడాలి. ఓటును డెలిగేట్‌గా మార్చే లెక్క ఏమిటి? గెలవలేనివాళ్లు ఎప్పుడు తప్పుకుంటున్నారు? తన అభ్యర్థి నెగ్గకపోతే ఓటరు రెండో ఇష్టాన్ని బ్యాలెట్ పట్టించుకుంటుందా? ఈ మూడూ సరిగా ఉంటే ఇరవై మంది ఉన్నా పార్టీకి మేలే. మూడూ తప్పితే ఐదుగురే చాలు, పార్టీ చీలడానికి.

బీ-ఫారం ఓటరు చేతిలో ఉంటే

మన దగ్గర టికెట్ అధిష్ఠానం తేలుస్తుంది. బీ-ఫారం ఎవరి చేతికి వస్తే వాళ్లే పార్టీ అభ్యర్థి, రానివాళ్లు రెబెల్‌గా నిలబడాలి లేదా ఊరుకోవాలి. అమెరికాలో అధ్యక్ష పదవికి ఆ బీ-ఫారం ఎవరికి ఇవ్వాలో సాధారణ ఓటర్లే తేలుస్తారు. జనవరిలోనో ఫిబ్రవరి మొదలో ప్రారంభమై జూన్ దాకా, ఒక్కో రాష్ట్రం ఒక్కో తేదీన ఓటు వేస్తుంది. ఆ ఓట్లు నేరుగా అభ్యర్థిని గెలిపించవు. ముందు డెలిగేట్లుగా మారతాయి. జూలై, ఆగస్టుల్లో జరిగే పార్టీ మహాసభలో ఆ డెలిగేట్లలో సగానికి పైగా ఎవరివైపు ఉంటే వారికి నామినేషన్. 2016లో రిపబ్లికన్లకు మొత్తం 2,472 మంది, గెలుపు గీత 1,237. 2020లో డెమొక్రాట్లకు ప్రైమరీల ద్వారా వచ్చేవాళ్లు 3,979, గెలుపు గీత 1,991.

ప్రైమరీలు బలం పుంజుకోకముందు కూడా గుంపు సమస్య ఉండేది, కాకపోతే అది మహాసభ హాల్లో బయటపడేది. 1924లో న్యూయార్క్‌లో డెమొక్రాట్లు 103 సార్లు ఓటింగ్ పెట్టుకోవాల్సి వచ్చింది. నెగ్గడానికి మూడింట రెండు వంతులు కావాలనే నిబంధన ఉండేది. ఇద్దరు పెద్ద అభ్యర్థులూ ఆ గీత దాటలేరు, పక్కకూ తప్పుకోరు. చివరికి జాన్ డేవిస్ అనే రాజీ అభ్యర్థిని నిలబెడితే, నవంబరులో ఆయనకు వచ్చినవి 29 శాతం లోపు ఓట్లు. ఆ నిబంధనను 1936లో తీసేశారు. అక్కడా బెడిసింది గెలుపు గీత దగ్గరే.

గుంపు వల్ల నిజంగా జరిగే నష్టాలు

మొదటిది అందరికీ తెలిసిన ఓట్ల చీలిక. సౌత్ కరొలైనా లెక్క అదే.

రెండోది అంతగా కనపడదు గానీ ఇంకా లోతైనది. గుంపులో రెండో స్థానం కోసం పోటీ పడేవాళ్లు ముందున్నవాడిని వదిలేసి ఒకరినొకరు కొట్టుకుంటారు. ముందున్నవాడి ఓటర్లు ఎలాగూ కదలరు, పక్కవాడి ఓటర్లయితే తనవైపు రావచ్చు అన్నది వాళ్ల లెక్క. 2016 ఫిబ్రవరి 6న మాంచెస్టర్ డిబేట్‌లో న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ గురిపెట్టింది రూబియోను. బట్టీపట్టిన మాటే మళ్లీ మళ్లీ చెప్తున్నావని వేదిక మీదే నిలదీశారు. మూడు రోజుల తర్వాత న్యూహాంప్‌షైర్‌లో రూబియో ఐదో స్థానానికి జారారు. దెబ్బ కొట్టిన క్రిస్టీకి వచ్చింది ఆరో స్థానం, మర్నాడే ఆయన పోటీ మానుకున్నారు. జెబ్ బుష్ కోసం పనిచేసిన సూపర్ ప్యాక్ (పరిమితి లేకుండా విరాళాలు సేకరించి ప్రచారం చేసే సంస్థ) 2015 మొదటి ఆరు నెలల్లోనే 10 కోట్ల డాలర్లకు పైగా కూడబెట్టి, అందులోంచి కోట్ల డాలర్ల ప్రకటనలను రూబియో మీదకు వదిలింది.

మూడోది సమయం. 2019 జూన్ 26, 27 తేదీల్లో మయామీలో డెమొక్రాట్ల తొలి డిబేట్‌కు 20 మంది అర్హత పొందారు. రాత్రికి పది మంది చొప్పున రెండు రాత్రులు. రెండు గంటల్లో ప్రకటనలు, ప్రశ్నలు పోను మిగిలేది గంటన్నర అనుకున్నా, సమంగా పంచితే ఒక్కొక్కరికి తొమ్మిది నిమిషాలు. అదీ సమంగా అందలేదు. జో బైడెన్ 13 నిమిషాలకు పైగా మాట్లాడితే ఆండ్రూ యాంగ్‌కు దొరికింది దాదాపు 3 నిమిషాలు. వైద్య బీమా మీద తన పథకాన్ని మూడు నిమిషాల్లో ఎవరు వివరించగలరు? వినేవాళ్లకు మిగిలేది చురకలు, చేతులెత్తే దృశ్యాలు.

ఈ మూడింటినీ చూసి "ముగ్గురికి మించి ఉండకూడదు" అనేవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. 2016లో ఏప్రిల్ వచ్చేసరికి రిపబ్లికన్ బరిలో ముగ్గురే మిగిలారు, అయినా న్యూయార్క్‌లో ట్రంప్‌కు 59 శాతం వచ్చాయి. మే 3న ఇండియానాలో 53 శాతం. తప్పుకున్నవాళ్ల ఓట్లన్నీ మూటగట్టి ట్రంప్ వ్యతిరేకి ఎవరికో చేరతాయన్నది కాగితం మీది కూడికే. రూబియో ఓటరు క్రూజ్‌కు వేయాలని ఎక్కడా లేదు. ఫిబ్రవరి, మార్చిలో ట్రంప్‌కు దక్కిన డెలిగేట్ల మిగులుకు గుంపు కారణం అంటే ఒప్పుకోవచ్చు. ఆయన గెలుపు మొత్తానికి అదే కారణం అనడం అతి.

గుంపు వల్ల లాభమూ ఉంది. 1976లో జార్జియా బయట పెద్దగా తెలియని జిమ్మీ కార్టర్ బయటకొచ్చింది కిక్కిరిసిన బరి నుంచే. 2020లో సౌత్ బెండ్ అనే లక్ష జనాభా ఊరి మేయర్ పీట్ బుటిజెజ్ అయోవాలో అగ్రస్థానం దాకా వెళ్లి, తర్వాత రవాణా మంత్రి అయ్యారు. కొత్త ముఖాలు, కొత్త ఆలోచనలు పరీక్షకు నిలిచే చోటు అది. తలుపు ముందే మూసేస్తే వాళ్లు లోపలికి రాలేరు.

పద్ధతుల పోలిక: ఒకే ఓట్లు, మూడు ఫలితాలు

ఊహించిన లెక్క ఒకటి పెడదాం. ఒక రాష్ట్రంలో 100 ఓట్లు, 50 మంది డెలిగేట్లు, ఆరుగురు అభ్యర్థులు. క-కు 28, ఖ-కు 19, గ-కు 14, ఘ-కు 14, చ-కు 13, ట-కు 12.

ఎక్కువ వచ్చినవాడికే అన్నీ అంటే క-కు 50, మిగతా అందరికీ సున్న. 72 ఓట్లకు ఏ ప్రాతినిధ్యమూ లేదు. సౌత్ కరొలైనాలో, మార్చి 15న ఫ్లోరిడాలో (ట్రంప్‌కు 45.7 శాతం, 99 మంది డెలిగేట్లూ), అదే రోజు ఒహాయోలో (జాన్ కేసిక్‌కు 47 శాతం, 66 మందీ) జరిగింది ఇదే. దీనికున్న ఒకే సుగుణం, పోటీని త్వరగా తేల్చేయడం. ఇద్దరే మిగిలాక ఇది పెద్దగా హాని చెయ్యదు. ఆరుగురు ఉండగా పెడితేనే ప్రమాదం. 2016లో రిపబ్లికన్లు మార్చి 15కు ముందు ఈ పద్ధతి వద్దని పెట్టుకున్న నిబంధన అందుకే. కాకపోతే మొదట ఓటేసే నాలుగు రాష్ట్రాలకు మినహాయింపు ఇచ్చారు. గుంపు నిండుగా ఉండేది సరిగ్గా అక్కడే. మినహాయింపు ఇవ్వకూడనిదే ఆ నాలుగింటికి.

రెండోది దామాషా పద్ధతి, కింద ఒక కనీస గీతతో. డెమొక్రాట్లు దేశమంతటా ఇదే వాడతారు, గీత 15 శాతం. రాష్ట్రం మొత్తానికీ, ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గానికీ విడివిడిగా లెక్కిస్తారు. దామాషా అనగానే న్యాయంగా వినిపిస్తుంది. పై లెక్కలో పెట్టి చూడండి. 15 దాటింది క, ఖ ఇద్దరే. వాళ్ల 47 ఓట్లనే మొత్తంగా తీసుకుని పంచితే క-కు 30, ఖ-కు 20. మిగతా 53 ఓట్లు లెక్కలోకే రావు. అందరికీ ఎంత వస్తే అంత అనుకున్న పద్ధతిలో సగానికి పైగా ఓట్లు గాలికి పోయాయి. 28 శాతం వచ్చినవాడికి 60 శాతం డెలిగేట్లు.

గీత ఇంకా పైన ఉంటే ఏమవుతుందో డాలస్, హ్యూస్టన్‌లలో ఉంటున్న మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన ఉదాహరణ 2016 టెక్సస్. రిపబ్లికన్ ప్రైమరీలో గీత 20 శాతం, డెలిగేట్లు 155 మంది. క్రూజ్‌కు 43.8 శాతం, ట్రంప్‌కు 26.7, రూబియోకు 17.7. అచ్చమైన దామాషా అయితే రూబియోకు 27 మంది రావాలి. వచ్చింది ముగ్గురు. సుమారు 5 లక్షల ఓట్లకు ముగ్గురు డెలిగేట్లు.

గీత అసలు వద్దా అంటే, కావాలి. లేకపోతే రెండేసి మూడేసి శాతాల వాళ్లు కూడా చిల్లర డెలిగేట్లు పోగేసుకుని మహాసభ దాకా లాగుతారు, మళ్లీ 1924 వస్తుంది. నా అంచనాలో ఓటరు ఒకే గుర్తు పెట్టే బ్యాలెట్‌కు 10 శాతం సరిపోతుంది, ముఖ్యంగా మొదటి నెలలో. న్యూహాంప్‌షైర్ రిపబ్లికన్లు 2016లో పెట్టుకున్న గీత అదే. ఐదుగురికి డెలిగేట్లు దక్కాయి, ఎవరూ కొంప మునిగిందనలేదు.

మూడోది ప్రాధాన్య ఓటు. దీన్ని అమెరికన్లకు వివరించాలంటే చాలా చెప్పాలి గానీ తెలుగువాళ్లకు అక్కర్లేదు. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో మనం వేసేది ఇదే. 1, 2, 3 అని అంకెలు వేస్తాం, అదీ పోలింగ్ సిబ్బంది ఇచ్చిన వయొలెట్ స్కెచ్ పెన్నుతోనే. టిక్కు పెడితే ఓటు చెల్లదు, రెండు పేర్లకు 1 వేసినా చెల్లదు. 2021 మార్చిలో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్ స్థానానికి 93 మంది, వరంగల్-ఖమ్మం-నల్గొండకు 71 మంది పోటీ చేశారు. దినపత్రిక అంత జంబో బ్యాలెట్, దానికి జంబో పెట్టెలు. 17న మొదలైన లెక్కింపు 20వ తేదీ దాకా సాగింది. మొదటి ప్రాధాన్యంలో ఎవరూ గెలుపుకు కావాల్సిన కోటా అందుకోలేదు. అట్టడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తీసేస్తూ వాళ్ల రెండో ప్రాధాన్యాలు పంచుకుంటూ వెళ్తేనే విజేతలు తేలారు. అంతమంది ఉన్నా గెలిచినవాళ్లకు విస్తృతమైన మద్దతు ఉందని చూపగలగడం ఈ పద్ధతి బలం. రోజుల తరబడి లెక్కింపు, చెల్లని ఓట్లు దీని బలహీనత.

2020లో డెమొక్రాట్లు అలాస్కా, హవాయి, కాన్సస్, వయోమింగ్‌లలో దీన్నే 15 శాతం గీతతో కలిపి వాడారు. కింద ఉన్నవాళ్లను తీసేస్తూ, మిగిలినవాళ్లందరూ 15 దాటగానే ఆపేస్తారు. మన లెక్కకు వర్తిస్తే ముందు ట పోతాడు. ఆ 12 మందిలో 9 మంది రెండో ప్రాధాన్యం ఘ, ముగ్గురిది క అనుకుందాం. క 31, ఘ 23 అవుతాయి. ఇప్పుడు చ-కు 13, తక్కువ అతనికే. అతని ఓట్లలో 10 గ-కు, ఒక్కొక్కటి క, ఖ, ఘ-లకు. చివరికి క 32, ఖ 20, గ 24, ఘ 24. అందరూ 15 దాటారు, ఇక ఆపొచ్చు. డెలిగేట్లు 16, 10, 12, 12. ఒక్క ఓటూ వృథా కాలేదు. మొదటి లెక్కలో 50, రెండో లెక్కలో 30 దక్కిన క-కు ఇక్కడ 16.

ప్రాధాన్య ఓటుకు కిటుకు ఎక్కడుందో న్యూయార్క్ నగరం చూపించింది. 2021 జూన్ 22న డెమొక్రాట్ల మేయర్ ప్రైమరీలో 13 మంది అభ్యర్థులు, ఓటరు ఐదుగురి దాకా వరుస ఇవ్వొచ్చు. ఎరిక్ ఆడమ్స్‌కు మొదటి ప్రాధాన్యాలు 31 శాతం లోపే. ఎనిమిది రౌండ్ల తర్వాత క్యాథరిన్ గార్సియా మీద 7,197 ఓట్ల తేడాతో నెగ్గారు. ఆఖరి రౌండ్‌కు చేరేలోపే సుమారు 1 లక్షా 40 వేల బ్యాలెట్లు నిండుకున్నాయి, అంటే వాటి మీద వరుస ఇచ్చిన పేర్లన్నీ అప్పటికే పోటీలో లేవు. గెలుపు తేడాకు దాదాపు ఇరవై రెట్లు అవి. పైగా మధ్యలో ఎన్నికల బోర్డు పరీక్ష కోసం వాడిన 1 లక్షా 35 వేల నమూనా బ్యాలెట్లను తీసేయకుండా లెక్కలో కలిపి ప్రకటించి, వెనక్కు తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఈ పద్ధతి ఎంచుకునే పార్టీ రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. అభ్యర్థులు పదమూడు మంది ఉండి వరుసలు ఐదే ఇస్తే ఓట్లు నిండుకోక తప్పదు. వరుసలు అభ్యర్థుల సంఖ్యలో కనీసం సగమైనా ఉండాలి. రెండోది, లెక్కింపు సాఫ్ట్‌వేర్‌లో నమూనా సమాచారాన్ని తుడిచేశాకే అసలు లెక్క మొదలెట్టాలి.

కాళ్లతో వేసే రెండో ఓటు

ఇదే పనిని 2020 దాకా కంప్యూటర్ లేకుండా చేసింది అయోవా డెమొక్రాట్ల కాకస్. స్కూల్ జిమ్‌లోనో చర్చి హాల్లోనో చుట్టుపక్కలవాళ్లు రాత్రి ఏడింటికి చేరేవారు. ఒక్కో అభ్యర్థి మద్దతుదారులు ఒక్కో మూల నిలబడేవారు. హాల్లో 200 మంది ఉంటే 15 శాతం అంటే 30. మీ మూలలో 27 మందే ఉన్నారనుకోండి, ముగ్గురిని తెచ్చుకోవాలి, లేదంటే మీరే ఇంకో మూలకు నడవాలి. అప్పుడు చూడాల్సింది బేరాలు! ఎదిరింటాయన వచ్చి భుజం మీద చెయ్యేసి "మావైపు రా" అనేవాడు. 2020లో మొదటి విడతలోనే గీత దాటిన మూలలవాళ్లు కదలకూడదని నిబంధన పెట్టారు. గందరగోళం తగ్గించడానికి అది మంచి మార్పే.

అంత చక్కటి పద్ధతి ఆ ఏడాది ఎందుకు అభాసుపాలైంది? తొలి విడత ఓట్లు, తుది విడత ఓట్లు, వాటి నుంచి వచ్చే డెలిగేట్ల లెక్క అని మూడు అంకెలు ప్రతి కేంద్రం పంపాల్సి వచ్చింది. పంపడానికి ఇచ్చిన కొత్త యాప్ పనిచేయలేదు, ఫోన్ లైన్లు జామయ్యాయి. ఫిబ్రవరి 3న జరిగిన కాకస్ ఫలితం రోజుల తరబడి తేలలేదు. చివరికి డెలిగేట్లు బుటిజెజ్‌కు 14, బెర్నీ శాండర్స్‌కు 12. ఇంకో లోపం మొదటి నుంచీ ఉండేది. రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, పసిపిల్లల తల్లి రెండు మూడు గంటలు అక్కడ నిలబడలేరు. ప్రాధాన్య బ్యాలెట్ అదే పనిని ఐదు నిమిషాల్లో చేయిస్తుంది.

రెండు విడతల పోలింగ్

సగం రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోలింగ్ పెట్టే పద్ధతి టెక్సస్‌లో సెనేట్, కాంగ్రెస్ ప్రైమరీలకు ఉంది, అధ్యక్ష ప్రైమరీకి లేదు. 2012 మే 29న సెనేట్ టికెట్ కోసం తొమ్మిది మంది పోటీ పడితే డేవిడ్ డ్యూహర్స్ట్‌కు 44.6 శాతం, క్రూజ్‌కు 34.2 వచ్చాయి. జూలై 31 రనాఫ్‌లో క్రూజ్ 56.8 శాతంతో గెలిచారు. ఒకే విడతలో తేల్చి ఉంటే వేరే సెనేటర్ వచ్చేవాడు. ఓట్లు మాత్రం సుమారు 14 లక్షల నుంచి 11 లక్షలకు తగ్గాయి. ఒక రాష్ట్రానికి ఇది మంచి పద్ధతి. యాభై రాష్ట్రాలకు, ఐదు నెలల క్యాలెండర్‌కు కుదరదు.

గుమ్మం దగ్గర వడపోత

ఇంకో దారి, బరిలోకే ఎక్కువమంది రాకుండా చూడటం. ఇది మనకు బాగా తెలిసిన దారి. ఫ్లోరైడ్ నీటి బాధతో 1996లో నల్గొండ లోక్‌సభకు 480 మంది నిలబడ్డారు. ఆ ఏడాదే పార్లమెంటు లోక్‌సభ డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. అయినా 2019లో పసుపు, ఎర్రజొన్న రైతులు నిజామాబాద్‌లో కదిలితే అభ్యర్థులు 185 మంది అయ్యారు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. మనసులో బలమైన కారణం ఉన్నవాళ్లను డబ్బు గుమ్మం ఆపదు. ఆపేది డబ్బులేని ఒంటరి మనిషిని.

అమెరికాలో న్యూహాంప్‌షైర్ బ్యాలెట్ మీద పేరు రావాలంటే 1,000 డాలర్లు కడితే చాలు. 2016లో రిపబ్లికన్ బ్యాలెట్ మీదే 30 పేర్లున్నాయి. దానివల్ల ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే అసలు గుమ్మం డిబేట్. 2015 ఆగస్టు 6న క్లీవ్‌లండ్‌లో జాతీయ సర్వేల సగటు చూసి పది మందిని ప్రధాన వేదిక మీదకు, మిగతా ఏడుగురిని సాయంత్రం ముందస్తు డిబేట్‌కు పంపారు. పదో స్థానానికీ పదకొండో స్థానానికీ మధ్య తేడా సర్వేల్లో సహజంగా ఉండే పొరపాటు కంటే తక్కువ. అంటే నాణెం ఎగరేసి పంపినట్టే.

డెమొక్రాట్లు 2019లో సర్వేలతో పాటు దాతల లెక్క పెట్టారు. మొదట 65,000 మంది దాతలు, 20 రాష్ట్రాల్లో ఒక్కోదాంట్లో కనీసం 200 మంది. సెప్టెంబరుకు దాన్ని 1,30,000 చేశారు, సర్వేల గీతను 1 నుంచి 2 శాతానికి పెంచారు. మెట్లుమెట్లుగా పెంచడం సరైన పద్ధతే. కానీ దాతల లెక్కను డబ్బుతో కొనొచ్చు. 2023లో రిపబ్లికన్లు 40,000 మంది దాతలు కావాలంటే, నార్త్ డకోటా గవర్నర్ డగ్ బర్గమ్ ఒక డాలర్ విరాళం ఇచ్చినవారికి 20 డాలర్ల గిఫ్ట్ కార్డు పంపారు. వేదిక ఎక్కారు కూడా. మరోవైపు 2019లో డబ్బు చాలక కమలా హారిస్ డిసెంబరు 3న తప్పుకున్నారు. డిసెంబరు 19 డిబేట్‌లో నిలిచిన ఏడుగురిలో శ్వేతజాతీయేతరుడు యాంగ్ ఒక్కరే. ఓటు ఒక్కటీ పడకముందే జరిగిన వడపోత ఇది.

వడపోత తప్పదనుకుంటే ఇవి పాటించడం మేలు: తొలి రెండు డిబేట్లకు గీత తక్కువగా ఉంచడం, పది మంది దాటితే చీటీలు తీసి రెండు రాత్రులకు సమంగా కలపడం, పెద్దవాళ్ల రాత్రి, చిన్నవాళ్ల రాత్రి అని విడగొట్టకపోవడం, ఓట్లు పడటం మొదలయ్యాక సర్వేలను పక్కనపెట్టి వచ్చిన ఓట్లనే గీతగా తీసుకోవడం.

తప్పుకునే సమయం

2020లో డెమొక్రాట్లను కాపాడింది పద్ధతి కాదు, మూడు రోజులు. ఫిబ్రవరి 29న సౌత్ కరొలైనాలో బైడెన్‌కు 48.6 శాతం వచ్చాయి. మార్చి 1న బుటిజెజ్, 2న ఏమీ క్లోబుచార్ తప్పుకుని ఆయనకే మద్దతు చెప్పారు. 3న చాలా రాష్ట్రాలు ఒకేసారి ఓటేసే సూపర్ ట్యూస్‌డే. 4న మైకేల్ బ్లూమ్‌బర్గ్, 5న ఎలిజబెత్ వారెన్ వెళ్లిపోయారు. అంతకు నాలుగేళ్ల ముందు రిపబ్లికన్లలో ఇలాంటిది జరగలేదు. ప్రతి ఒక్కరూ పక్కవాడు ముందు వెళ్తాడని ఎదురుచూశారు.

మర్యాద మీద, ఒకరి మంచితనం మీద ఆధారపడే ఏర్పాటు ఎప్పుడూ పనిచేస్తుందని నమ్మకూడదు. పైగా ఆలస్యంగా తప్పుకుంటే ముందే ఓటేసినవాళ్లు నష్టపోతారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఓటింగ్ అంతా పోస్టులోనే. మార్చి 10 నాటి ప్రైమరీలో వారెన్‌కు 9 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. ఆమె బరి వదిలి అప్పటికి ఐదు రోజులైంది. ఆ కవర్లలో చాలావరకు అంతకుముందే పోస్టులో పడినవి. రెండో ప్రాధాన్యం రాసే గడి ఒక్కటి ఉండి ఉంటే వాటికి విలువ మిగిలేది.

మరీ తక్కువైతే

గుంపు భయంతో పోటీనే లేకుండా చేసుకుంటే ఏమవుతుందో 2024 చూపించింది. డెమొక్రాట్ల ప్రైమరీల్లో బైడెన్‌కు గట్టి పోటీ లేదు. జూన్ 27 డిబేట్‌లో ఆయన తడబాటు దేశమంతా చూసింది. జూలై 21న తప్పుకున్నారు. అప్పటికి ప్రైమరీలన్నీ అయిపోయాయి. ఓటర్ల ముందు పరీక్షకు నిలవకుండానే హారిస్ అభ్యర్థి అయ్యారు. నలుగురైదుగురు గట్టి అభ్యర్థులతో ఒక్క డిబేట్ జరిగి ఉన్నా ఆ తడబాటు ఏడాది ముందే బయటపడేది. నన్నడిగితే ఇరవై మంది వల్ల వచ్చే గందరగోళం కంటే ఇది పెద్ద నష్టం.

పార్టీ ఏది ఎంచుకోవాలి, ఓటరు ఏం చేయాలి

నియమాలు రాసే రాష్ట్ర కమిటీలో మీరుంటే నా సలహా ఇది. మీ రాష్ట్రం ఓటు మొదటి ఆరు వారాల్లో ఉంటే ప్రాధాన్య ఓటు, 15 శాతం గీత. దానికి ఖర్చు, చట్టం అనుమతించకపోతే ఒకే గుర్తు బ్యాలెట్, 10 శాతం గీత. మీ వంతు ఏప్రిల్ తర్వాత వస్తే ఇద్దరు ముగ్గురే మిగులుతారు, ఏ పద్ధతైనా ఫర్వాలేదు. ఎక్కువ వచ్చినవాడికే అన్నీ అనేది ఆరుగురు మిగిలి ఉండగా ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

ఓటరుగా అయితే ముందు మీ రాష్ట్ర నియమం చూసుకోండి. టెక్సస్‌లో పార్టీ నమోదు ఉండదు, ఏ ప్రైమరీకైనా వెళ్లొచ్చు. కానీ మార్చిలో ఒక పార్టీకి వేస్తే ఆ తర్వాత రనాఫ్‌లో రెండో పార్టీకి వేయలేరు. న్యూజెర్సీలో ఏ పార్టీకీ నమోదు కానివాళ్లు పోలింగ్ రోజునే పార్టీ చెప్పుకోవచ్చు. ఒక పార్టీలో ఉండి ఇంకోదానికి మారాలంటే 55 రోజుల ముందే కాగితం ఇవ్వాలి. కాలిఫోర్నియాలో పార్టీ లేనివాళ్లకు డెమొక్రాటిక్ బ్యాలెట్ అడిగితే ఇస్తారు, రిపబ్లికన్ది ఇవ్వరు.

పోస్టల్ బ్యాలెట్ వస్తే నింపి వెంటనే పంపేయకండి. బరిలో నలుగురికి మించి ఉంటే, మీ ముందు ఓటేసే రాష్ట్రం ఫలితం వచ్చేదాకా ఆగి, డ్రాప్ బాక్స్‌లో వేయండి. అభ్యర్థి తప్పుకున్నాక ఓటు మార్చుకునే వీలు చాలా చోట్ల ఉండదు. మీకు నచ్చిన అభ్యర్థికి సర్వేల్లో 12, 13 శాతం ఉంటే మీ ఓటు గీత దాటించగలదు, ధైర్యంగా వేయండి. 5 శాతం దగ్గరే ఉంటే ఆ ఓటు మీ మనసు చెప్పుకోవడానికే, డెలిగేట్‌ను తేదు. అది తెలిసే వేస్తే తప్పేమీ లేదు. ప్రాధాన్య బ్యాలెట్ అయితే ఉన్న గడులన్నీ నింపండి. చాలామంది ఒకటో నంబరుతో ఆపేస్తారు, మిగతావి రాస్తే మొదటి ఓటు బలహీనపడుతుందన్న భయంతో. అలా పడదు. మొదటి అభ్యర్థి బరిలో ఉన్నంతవరకూ రెండో నంబరు వైపు ఎవరూ చూడరు. ఆఖరి గడిలో మాత్రం, గెలిచే అవకాశం ఉన్న ఇద్దరిలో మీరు భరించగలిగిన పేరు తప్పక ఉండేలా చూసుకోండి.